నోరు చూచి కొనుము: పాత రంపపు వైసుకు టీకా తాత్పర్యం

మూలం

ఆ.వె.
నోరు చూచి కొనుము నూఱేండ్ల పట్టును
రంగు చూచి కొనకు, రాత చూచి
వెలుగు దూరు సందు వినిపించు నేడుపు
మౌనమందె పదును, మాటలేల!

అవతారిక

ఈ పద్యం ఏ శతకంలోదో అని వెతికి శ్రమపడకండి. టీక రాయాలన్న కోరిక ముందు పుట్టింది, దానికొక మూలం కావలసి వచ్చి ఆటవెలది తరవాత పుట్టింది. మెదక్ సీమలోని కొల్చారం వాడైన మల్లినాథ సూరి, మూలంలో లేనిదేదీ రాయనని ప్రతిజ్ఞ చేసి మరీ కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. చెప్పదలచుకున్నదంతా ముందే మూలంలో కుక్కేసుకున్న వ్యాఖ్యాతకు ఆ ప్రతిజ్ఞ నిలబెట్టుకోవడం మహా తేలిక. ఇక సందర్భం. స్థలం అమెరికా. మసాచుసెట్స్ రాష్ట్రంలో బ్రిమ్‌ఫీల్డ్ అనే చిన్న ఊళ్లో మే, జులై, సెప్టెంబరు నెలల్లో పాతసామాన్ల సంత జరుగుతుంది. అలాంటి సంతలో ఒక బల్ల, దాని మీద తుప్పు రంగులో పాత పనిముట్ల కుప్ప. ఆ కుప్పలో ఒకటి: పోత ఇనుముతో చేసిన రెండు పొడుగాటి దవడలు, వాటిని దగ్గరికి నొక్కే ఒక మీట గానీ మర గానీ, అడుగున బల్ల అంచుకు బిగించుకునే కొక్కెం. దాని పేరు రంపపు వైసు. చేతి రంపానికి ఆకురాయి పెట్టేటప్పుడు పళ్లు పైకి ఉండేలా రంపాన్ని అందులో ఇరికించి బిగిస్తారు. దానికి ఉన్న పని అదొక్కటే. శ్రోత ఒక పాత రంపం చవగ్గా కొని, దానికి పదును పెట్టుకోవాలంటే ఇలాంటిదొకటి కావాలని విని వచ్చిన కొత్తవాడు.

ఆ వస్తువు ఆ బల్ల మీదికి ఎలా చేరిందో తెలియకపోతే దాని ధర సంగతి తెలియదు. 1840లో ఫిలడెల్ఫియాలో హెన్రీ డిస్టన్ అనే ఇంగ్లండు వలసవాడు రంపాల తయారీ మొదలుపెట్టాడు. 1872 నుంచి ఆ ఊరి శివారు టాకనీలో పెద్ద కార్ఖానా లేచింది. ఆ కుటుంబం 1955లో కంపెనీని అమ్మేసింది. ఈ నడుమ శతాబ్దం పైచిలుకు కాలంలో అమెరికాలో రంపం కొన్న వడ్రంగి దాన్ని పారేయడానికి కొనలేదు. మొద్దుబారితే ఆకురాయి పెట్టాడు, మళ్లీ మొద్దుబారితే మళ్లీ పెట్టాడు. రంపపు రేకు ఏళ్ల తరబడి అలా కొంచెం కొంచెంగా సన్నబడేది. కనక రంపం ఉన్న చోట ఏదో ఒక వైసు ఉండేది. 1920 దశకంలో చేత్తో పట్టుకు తిరిగే కరెంటు రంపం వచ్చింది. ఆ తరవాత పళ్ల మొనలను మాత్రం కరెంటుతో వేడెక్కించి గట్టిపరిచిన చవక చేతి రంపాలు వచ్చాయి. నీలంగా నల్లబడిన ఆ మొనల మీద ఆకురాయి పట్టు దొరక్క జారిపోతుంది. మొద్దుబారితే పారేయడమే. దాంతో వైసులు కొట్టాల అటకలెక్కాయి. ఆ అటకలు ఖాళీ చేసే వారసులే నేటి సంతకు సరుకు తెచ్చేవాళ్లు. అంటే అమ్మేవాడికి సాధారణంగా ఆ వస్తువుతో పనిచేసిన అనుభవం ఉండదు. పేరు, రంగు, పేటెంటు తేదీ చూసి ధర కడతాడు. పద్యం పుట్టిన అవసరం ఇదే.

ప్రతిపదార్థం

నోరు = వైసు దవడలు రెండూ పై అంచున కలిసే గీతను; చూచి = అద్దాలు తుడుచుకుని, బిగించి, వదిలి, మళ్లీ బిగించి చూచి; నూఱేండ్ల పట్టును = నూరేళ్ల పాతదైన బిగింపు పనిముట్టును (నూరేళ్లూ నిండిపోయిన దాన్ని అని చెప్పకూడదు); కొనుము = బేరమాడి తీసుకొనుము; రంగు చూచి = పూత నిగనిగ చూచి; రాత చూచి = ఇనుములో ఉబ్బెత్తుగా పోసిన కంపెనీ పేరు చూచి; కొనకు = జేబులో చెయ్యి పెట్టకు; వెలుగు దూరు = వెలుతురు చొరబడే; సందు = దవడల నడుమ ఖాళీ; ఏడుపు వినిపించున్ = ఆకురాయి తగలగానే రంపం చేత కీచుమనిపించును; మౌనమందె = ఆ కీచు లేకపోవడంలోనే; పదును = పళ్ల వాడి ఉన్నది; మాటలేల = ఇంక వేరే వర్ణనలు దేనికి? చివరి ఎత్తిపొడుపు వ్యాఖ్యాతకే తగులుతుంది. ఎత్తిపొడుపును పట్టించుకునేవాళ్లు వ్యాఖ్యాతలు కారు.

తాత్పర్యం

పాత రంపపు వైసు కొనేవాడు దాని దవడలు ఒక చివర నుంచి మరో చివర దాకా కలుస్తున్నాయా లేదా అన్నది మాత్రమే చూడాలి. కలిస్తే పేరు లేనిదైనా కొనాలి. కలవకపోతే ఎంత పేరున్నదైనా వదిలేయాలి.

టీక

మొదటి పాదం నోటి దగ్గర మొదలవడం యాదృచ్ఛికం కాదు. నోరు మంచిదైతే ఊరు మంచిది అంటారు. వైసు విషయంలో ఇది అక్షరాలా నిజం, ఎలాగో లెక్కవేసి చూద్దాం. మామూలు చేతి రంపం రేకు పొడవు 26 అంగుళాలు, మందం మిల్లీమీటరుకు అటూ ఇటూ. అడ్డుకోత రంపానికి అంగుళానికి 10 మొనలు ఉన్నాయనుకుందాం. మొదటి మొనను, చివరి మొనను కూడా లెక్కపెట్టే పద్ధతి కనక 10 మొనలంటే నిజానికి అంగుళానికి 9 పళ్లు. మొత్తం 234 పళ్లు. పంటికీ పంటికీ మధ్య లోయలో మూడు పలకల ఆకురాయి పెట్టి, లోయకు మూడేసి తోపుల చొప్పున వేస్తే 702 తోపులు. ప్రతి తోపూ ఆ పల్చని రేకును అడ్డంగా నెడుతుంది. బల్ల అంచున స్కేలు పెట్టి, బయటికి పొడుచుకొచ్చిన కొసను మీటిన ఏ బడిపిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు, బయటికి ఎంత ఎక్కువ వస్తే అంత ఊపు, వేలితో అంచు దగ్గరే నొక్కితే ఊపు చస్తుంది. రంపపు రేకు అంతే. పళ్ల లోయల అడుగు దవడల మీద 3 మిల్లీమీటర్లకు మించి లేవకుండా బిగిస్తే రేకుకు ఊగే జాగా ఉండదు. అంగుళం లేచిందో, ఆకురాయి కోసేది తగ్గి ఎగరడం ఎక్కువవుతుంది. ఇంతవరకు వైసు ఉన్న ప్రతివాడికీ తెలిసిందే. కొనేవాడు మరిచిపోయేది దీని తరవాతి మెట్టు: దవడలు పై అంచున కలవని చోట, రేకు పట్టు ఆ అంచున కాక కిందెక్కడో దొరుకుతుంది. పైకి 3 మిల్లీమీటర్లే లేచినట్టు కనిపిస్తుంది గానీ, అసలు గాల్లో ఉన్నది ఇంకా ఎక్కువ. కొత్తవాడు నా చెయ్యి బాగాలేదనుకుంటాడు, ఆకురాయి మారుస్తాడు, కోణం మారుస్తాడు. తప్పు నోటిది.

కాబట్టి నోటిని రెండు దిక్కుల నుంచి చూడాలి. ఎదురుగా నిలబడి ఆకాశం వైపు ఎత్తి చూస్తే పొడవునా ఉన్న ఖాళీ తెలుస్తుంది. చివర నుంచి, అంటే దవడల కొస నుంచి చూస్తే అవి పై పెదవి దగ్గర కలుస్తున్నాయా, కింద గొంతు దగ్గర కలిసి పైన వెంట్రుకవాసి తెరుచుకుని ఉన్నాయా అన్నది తెలుస్తుంది. రెండోది ఎవరూ చూడరు. అమ్మేవాడు అసలే చూడడు. పైన తెరుచుకున్న వైసు ఎదురు నుంచి చూస్తే నిండుగా మూసుకున్నట్టే ఉంటుంది, ఎందుకంటే కింద కలిసిన చోటు వెలుతురును అడ్డేస్తుంది. వెలుగు పరీక్షలో ప్యాసై పనిలో ఫెయిలయ్యే రకం ఇది. దీనికి విరుగుడు కాగితం. జేబులో ఉన్న ఏ రసీదునైనా మూడు సన్నని ముక్కలుగా చింపి, రెండు చివర్లా ఒకటొకటి, నడుమ ఒకటి, దవడల పై అంచున మాత్రమే ఇరికేలా పెట్టి బిగించాలి. మూడూ లాగితే చిరగాలి గానీ ఊడి రాకూడదు. ఊడి వచ్చిన చోట రంపం కూడా అలాగే ఊడుతుంది.

ఇక్కడ మూడో పాదం మీద తార్కికులు ఒక అభ్యంతరం లేపుతారు, అది న్యాయమైనదే. వెలుగు దూరే సందు ప్రతిదీ ఏడిపిస్తుందంటే లక్షణానికి అతివ్యాప్తి దోషం పడుతుంది. ఎలాగంటే, చాలా వైసుల్లో మీట నొక్కేది దవడల నడిమధ్యన. దవడలు చూపుకు తిన్నగా ఉంటే, నడుమ గట్టిగా నొక్కినప్పుడు అక్కడ బిగిసి, చివర్లు వదులవుతాయి. దవడలు నడుమ రవంత బయటికి వంగి ఉంటే చివర్లు ముందు కలుస్తాయి, బిగించిన కొద్దీ నడుమ ఖాళీ మూసుకుపోయి పట్టు అంతటా సమానమవుతుంది. అలాంటి వైసును తేలిగ్గా మూసి ఆకాశానికెత్తితే నడుమ సన్నని వెలుగు రేఖ కనిపిస్తుంది. కొత్తవాడు అదే చూసి, పద్యం తలచుకుని, అన్నిట్లోకి మంచి వైసును బల్ల మీద పెట్టేసి వెళ్లిపోతాడు. దీనికి సమాధానం: మూలంలోని సందు అన్న మాటకు బిగించిన తరవాత కూడా మిగిలిన సందు అనే అర్థం చెప్పుకోవాలి. బిగిస్తే పోయే వెలుగు గుణం, బిగించినా పోని వెలుగు దోషం. చివర్ల వెలుగు ఎప్పుడూ దోషమే, నడుమ నొక్కే మీట చివరి ఖాళీని ఎన్నటికీ మూయలేదు. కవి పద్యంలో బిగించి చూడమని చెప్పలేదని మళ్లీ అంటారేమో. మొదటి పాదంలో పట్టు అన్నాడు, బిగించకుండా పట్టెక్కడిది?

నాలుగో పాదంలో మౌనం గురించి ఆలంకారికులు ఒక మాట అనక మానరు. తొమ్మిదో శతాబ్దపు కాశ్మీర పండితుడు ఆనందవర్ధనుడు కావ్యానికి ధ్వని ఆత్మ అన్నాడు కదా, మీరేమిటి ధ్వని లేకపోవడమే గొప్ప అంటున్నారని. ఆయన చెప్పింది మాట వెనక పలికే అర్థం గురించి. ఇక్కడ పలికేది ఉక్కు, దాని వెనక అర్థం కూడా ఉంది: పని చెడుతోందని. కీచుమన్నప్పుడల్లా రేకు వణికి ఆకురాయి పళ్లను ఎదురు కొడుతుంది. ఆకురాయి ఉక్కు చాలా గట్టిది, గట్టిది కనకే పెళుసు. దాని సన్నని పళ్ల మొనలు ఆ దెబ్బలకు రాలిపోతాయి. రాలిన ఆకురాయితో ఇంకా గట్టిగా నొక్కాలి, గట్టిగా నొక్కితే రేకు ఇంకా వణుకుతుంది. అటు రంపం పళ్ల ముఖం మీద అలలు అలలుగా గీతలు పడతాయి, ఒక పన్ను ఎక్కువ అరిగి పక్కది తక్కువ అరుగుతుంది. ఎత్తు తగ్గిన పన్ను కలపను తాకదు, దాని వాటా పని పక్క పన్ను చేస్తుంది. రంపం గీత తప్పడానికి, కోతలో జెర్కు రావడానికి కారణాలు వెతికేవాళ్లు చివరికి వచ్చి ఆగేది తరచుగా ఇక్కడే. పద్యంలో విరోధాభాస అలంకారం ఉందని కూడా చెప్పుకోవచ్చు, నోరున్నదాన్ని మౌనం కోసం కొనమంటున్నాడు కనక. నోరు సరిగ్గా మూసుకుంటే మౌనమే వస్తుంది, విరోధం తీరిపోయింది.

రెండో పాదంలోని రంగు సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. పాత వైసులకు కార్ఖానా వేసింది జపాను నలుపు పూత. అది సగం రాలి, మిగిలిన సగం తుప్పులో కలిసిపోయి ఉంటే అది వస్తువు వయసు, తప్పు కాదు. పైపై తుప్పు వినిగర్‌లో నానబెడితే వదులుతుంది. నిగనిగలాడే కొత్త స్ప్రే పెయింటు వేసి ఉంటేనే ఆగాలి. పైన పటారం లోన లొటారం అన్నది ఇలాంటి చోట్ల పనికొచ్చే సామెత. పోత ఇనుము వంగదు, విరుగుతుంది. విరిగితే ఇత్తడి అతుకు వేస్తారు, ఇత్తడి పసుపు రంగు కనపడకుండా పెయింటు వేస్తారు. అతుకు వేసిన వైసు పనికిరాదని కాదు, అతుకు దాచిన అమ్మకం పనికిరాదు. వేలాడదీసి చిన్న తాళంచెవితో తట్టితే నిండు ఇనుము మోగుతుంది, బీట పడ్డది మొద్దుగా పలుకుతుంది. బీటలు ఎక్కువగా పడే చోట్లు రెండు: కొక్కెం మర దూరే గుబ్బ దగ్గర, మీట ఇరుసు దగ్గర. మీట పూర్తిగా కిందికి వాలిపోయినా దవడలు బిగియకపోతే దాని కింది వంపు అరిగిపోయిందని అర్థం, అది బాగుచేయడం కొత్తవాడి పని కాదు. మర ఒకటి పోయినా, కొక్కెం పిడి విరిగినా భయపడనక్కర్లేదు, అవి దొరుకుతాయి, చేయించుకోవచ్చు.

రాత గురించి మాత్రం ఇంకాస్త నిలవాలి, ఎందుకంటే డబ్బు పోయేది ఎక్కువగా అక్కడే. డిస్టన్ పేరు రంపం మీద ఉంటే ఆ పేరుకు విలువ ఉంది. ఆ కంపెనీ 1855 నుంచి తన ఉక్కు తానే పోసుకుంది, రేకును వీపు వైపు పల్చబరచడంలో దానికి ఆరితేరిన చెయ్యి ఉంది. ఆ గుణాలన్నీ రంపంలో ఉన్నవి. అదే పేరు వైసు మీద ఉంటే అది పోత ఇనుము మీద ఉన్న పేరు. పోత ఇనుముకు ఉక్కు వాటం రాదు, పక్కింటి కార్ఖానా వైసు కంటే అది బాగా పట్టాలన్న నియమం లేదు. న్యూయార్కు రాష్ట్రం సిరక్యూస్‌లో స్టెర్న్స్ వాళ్లు చేసిన వైసులు కూడా సంతల్లో విరివిగా కనిపిస్తాయి. వాటిలోనూ మంచి నోళ్లూ చెడ్డ నోళ్లూ రెండూ ఉంటాయి. పోతలోనే దవడ మెలిక పడి రావచ్చు, నూరేళ్లలో ఎవరో దాన్ని బెంచి వైసుగా వాడి సుత్తితో కొట్టి ఉండవచ్చు. పేరు ఆ సంగతి చెప్పదు. ఇక పేటెంటు తేదీ. ఇనుములో పోసిన ఆ తేదీ ఆలోచనకు హక్కు దొరికిన రోజు, ఈ వస్తువు పుట్టిన రోజు కాదు. అదే అచ్చుతో, అదే తేదీతో దశాబ్దాల తరవాత పోసినవి కూడా ఉంటాయి. కనక దాన్ని చూపించి ఇది ఫలానా ఏటిది అని ధర పెంచేవాడికి నమస్కారం పెట్టి నోరు చూడాలి, వైసు నోరు. కొన్నిటికి ఆకురాయిని ఒకే కోణంలో నడిపే ఇనప కడ్డీల గైడు ఉండేది. డిస్టన్ వాళ్ల గైడు పట్టు అలాంటిది. కడ్డీలు పోయాయని ధర తగ్గించి అమ్మితే సంతోషంగా తీసుకోండి. ఒక చిన్న చెక్కముక్కకు బెజ్జం పెట్టి ఆకురాయి కొసకు తొడిగి, ఆ చెక్క అంచు నేలకు సమాంతరంగా ఉందా అని చూసుకుంటూ పోతే కోణం అదుపులో ఉంటుంది. సేకరణ కోసం కొనేవాళ్లు ఈ మాటలకు నొచ్చుకుంటారు. వాళ్లకు పద్యం చెప్పేదేమీ లేదు. పద్యంలో పదును ఉంది, అలమార లేదు.

పూర్వపక్షాలు

అన్నిటిలో బలమైన ఆక్షేపణ ఇది: అసలు ఇనప వైసే ఎందుకు? ఇంగ్లండు వడ్రంగులు రంపం పొడవున్న రెండు చెక్కలను అడుగున కలిపి, పై అంచులను చెక్కి, బల్లకున్న వైసులో ఇరికించి అందులో రంపాన్ని పెట్టుకునేవారు. 26 అంగుళాల రంపాన్ని ఒక్కసారే పట్టేస్తుంది. పది అంగుళాల ఇనప దవడలో అదే రంపాన్ని జరుపుతూ మూడుసార్లు బిగించుకోవాలి, జరిపినప్పుడల్లా అంచులు సరిచూసుకోవాలి. పైగా చెక్క వణుకును తనలోకి పీల్చుకుంటుంది, ఇనుము తిప్పికొడుతుంది. ధర, రెండు ముక్కల గట్టి కర్ర. ఈ ఆక్షేపణకు సిద్ధాంతి ఎదురు చెప్పడు, చాలావరకు ఒప్పుకుంటాడు. మూలం నోరు అంది, ఇనప నోరు అనలేదు. చెక్క దవడలు కూడా చివర నుంచి చివర దాకా కలిస్తే పద్యం వాటికీ వర్తిస్తుంది, లక్షణానికి అవ్యాప్తి లేదు. ఇనుముకు మిగిలే ఆధిక్యాలు మూడు. కర్ర వానాకాలం ఉబ్బి ఎండాకాలం మెలిక తిరుగుతుంది, ఇనుము తిరగదు. చెక్కలకు ముందు పెద్ద పనిబల్ల, దానికి వైసు ఉండాలి, ఇనప పట్టుకు ఏ గట్టి బల్ల అంచైనా చాలు. పళ్లు మోచేతి ఎత్తుకు పైగా లేకపోతే నడుము పట్టేస్తుంది, చాలా పనిబల్లలు దానికి కురచ, ఇనప పట్టునైతే ఎత్తైన బల్లకు బిగించుకోవచ్చు. ఈ మూడూ సౌకర్యాలే, పదునుకు సంబంధించినవి కావు. కాబట్టి పాత వైసు ధరలో రెండు చెక్కల ఖర్చును మించి ఇచ్చేదంతా సౌకర్యానికి ఇస్తున్నట్టు లెక్క. నోరు కలవని వైసు చెక్కకంటే అధమం. ఇనుము పనికి ఇనుమే తగునన్న ఆదరంతో కొన్న చెడ్డ వైసు, ఉచితంగా దొరికే చెక్క ముందు ఓడిపోతుంది.

దవడలకు తోలు అంటిస్తే సందులు మూసుకుంటాయి కదా, ఇంక వెలుగు పరీక్ష దేనికని రెండో ఆక్షేపణ. తోలు మంచిదే. మంచి దవడకు కూడా తోలు అంటిస్తే కీచు ఇంకా తగ్గుతుంది. అయితే తోలు తన మందంలో నలిగేంత సందునే పూడుస్తుంది. మెలిక పడ్డ దవడకు తోలు వేస్తే ఒక చివర నలిగిపోయి రెండో చివర వదులుగానే ఉంటుంది. దవడను ఆకురాయితో సమం చేయవచ్చు, పోత ఇనుము అరుగుతుంది, కానీ ముందు దాని పైపొర గట్టిగా ఉండి ఒక ఆకురాయిని మింగేస్తుంది. అంత పనికి పూనుకునేవాడికి రెండు చెక్కలు కోసుకోవడం ఏపాటి?

కొత్తవి దొరుకుతాయి కదా అన్నవాళ్లకు: దొరుకుతాయి, బాగుంటాయి, ఖరీదు. డబ్బు అడ్డం కాకపోతే కొనుక్కోండి, కాగితపు ముక్కలు మాత్రం జేబులో ఉంచుకోండి. గట్టిపళ్ల చవక రంపం కొని మొద్దుబారాక పారేస్తే ఈ గోలంతా లేదన్నవాళ్లకు: తలుపు చెక్క కోసి, కొమ్మలు నరికి, గోడ పక్కన పడేసేవాళ్ల విషయంలో అది నూటికి నూరుపాళ్లు సరైన మాట. ఒకే రంపాన్ని నిలువుకోతకు తగ్గట్టు నిటారు పళ్లతోనో, అడ్డుకోతకు తగ్గట్టు ఏటవాలు పళ్లతోనో తనకు కావలసినట్టు మలుచుకోవాలనుకునేవాడికే పద్యం. ఒక్కటంటే ఒక్క రంపం ఉన్నవాడు దాన్ని పదును పెట్టేవాళ్లకు పంపించడం చవక. నాలుగైదు రంపాలుండి, ఏడాదికోసారైనా వాటికి ఆకురాయి తగలవలసిన ఇల్లు అయితేనే వైసు తన చోటు సంపాదించుకుంటుంది.

చివరి ఆక్షేపణ మన వైపు నుంచి. నేల మీద కూర్చుని పాదాలతో పనిని అదిమిపట్టే తెలుగు వడ్రంగికి వైసు లేదు, ఆయన రంపం కోయలేదా? కోసింది. పాదం సజీవమైన దవడ. ఎక్కడ వణికితే అక్కడ మరింత నొక్కుతుంది, ఇనుము ఆ పని చేయలేదు. ఆ పాదం తయారవడానికి చిన్నప్పటి నుంచి కూర్చున్న అలవాటు కావాలి. న్యూజెర్సీలో వారమంతా కుర్చీలో ఉండి శనివారం గరాజులో చెక్క పట్టుకునే తెలుగు ఇంజినీరు మోకాళ్లు ఆ పని ఒప్పుకోవు. ఆయన బ్రిమ్‌ఫీల్డ్ వైసు కొనవచ్చు. దాన్ని హైదరాబాదుకు మోసుకురావాలని మాత్రం అనుకోవద్దు. 23 కిలోల పెట్టెలో పోత ఇనుము తినే బరువు చాలా ఎక్కువ, విసురుగా దించే పెట్టెలో ఆ ఇనుము విరిగే జాతి. ఇక్కడ టేకు ముక్కలకు కొదవ లేదు, రెండు చెక్కలు చిత్రిక పట్టి కలపండి, వెలుగుకు ఎత్తి చూడండి.

కాబట్టి తీర్పు ఇది. మూడు కాగితాలూ చిరిగితే, తాళంచెవికి మోగితే, అడిగిన ధర ఒక కొత్త చేతి రంపం ధరను మించకపోతే బేరం సాగదీయకుండా కొనండి. ఒక్క కాగితం ఊడి వచ్చిందా, అమ్మేవాడు ఎవరి పేరు చదివి వినిపించినా, పక్క బల్లకు నడవండి. ఇంటికి తెచ్చాక ముందుగా అంగుళానికి 5, 6 మొనలున్న నిలువుకోత రంపాన్ని పట్టండి. పళ్లు పెద్దవి కనక కంటికి ఆనుతాయి, ఆకురాయి రేకుకు సూటిగా అడ్డంగా పోతుంది, చెయ్యి తప్పినా మళ్లీ అరగదీయడానికి ఉక్కు చాలా మిగులుతుంది.